కొలత స్థాయి చూడని సగటు

విస్తరణ పరిశోధనలో రైతు చెప్పిన ప్రతి సమాధానానికీ మనం ఒక అంకె కేటాయిస్తాము. అంకె వేసిన వెంటనే దానిని కూడవచ్చు, భాగించవచ్చు అనే భ్రమ కలుగుతుంది. ఈ భ్రమ రైతుకు అందవలసిన సిఫార్సునే తారుమారు చేయగలదు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో ‘సైన్స్’ పత్రికలో కొలతలను నాలుగు స్థాయిలుగా వర్గీకరించారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్షేత్ర సమాచారంలో ఈ నాలుగూ కనిపిస్తాయి. రైతు వేసిన వరి రకం నామ స్థాయికి చెందిన చలరాశి. స్వర్ణకు 1, విజేతకు 2, శ్రీకాకుళం సన్నాలకు 3 అని సంకేతాలిస్తే అవి పేర్లకు మారుగా నిలిచేవే. ‘సగటు రకం 1.8’ అనే మాటకు అర్థం లేదు. ఆచరణ లేదు, పాక్షికం, పూర్తి అనే విభజన క్రమ స్థాయి. ఇందులో వరుస తెలుస్తుంది, దూరం తెలియదు. సెల్సియస్ ఉష్ణోగ్రత అంతర స్థాయి. దానికి నిజమైన సున్న లేదు కనుక 40 డిగ్రీలు 20 డిగ్రీలకు రెట్టింపు వేడి కాదు. కమత విస్తీర్ణం, దిగుబడి నిష్పత్తి స్థాయివి.

పొరపాటు ఎక్కువగా క్రమ స్థాయి వద్దనే జరుగుతుంది. చోడిని వరుసల్లో నాటే పద్ధతిపై రెండు గ్రామాల్లో పదేసి మంది రైతులను అడిగామనుకుందాం. మొదటి గ్రామంలో పదిమందీ పాక్షికంగా ఆచరించారు. రెండవ గ్రామంలో ఆరుగురు ఆచరించలేదు, నలుగురు పూర్తిగా ఆచరించారు. 0, 1, 2 మార్కులిస్తే సగటులు 1.0, 0.8, మొదటి గ్రామం ముందుంటుంది. వరుస చెడకుండా 0, 1, 3 ఇస్తే 1.0, 1.2; రెండవది ముందుకు వస్తుంది. రైతులు మారలేదు, మన అంకెలే మారాయి. మధ్యగతం మాత్రం రెండు సందర్భాల్లోనూ మొదటి గ్రామానికి ‘పాక్షికం’, రెండవదానికి ‘లేదు’ అనే చెబుతుంది. ప్రదర్శన క్షేత్రం ఎవరికి ముందుగా అవసరమో అక్కడ తేలుతుంది.

దీనికి విరుద్ధమైన లోపమూ ఉంది. విస్తీర్ణాన్ని సెంట్లలో అడగక ‘సన్నకారు రైతు’ అని మాత్రమే నమోదు చేస్తే 20 సెంట్లున్నవారూ, 2 ఎకరాల 40 సెంట్లున్నవారూ ఒకే గడిలో చేరుతారు. వారి మధ్యనున్న పన్నెండు రెట్ల తేడాను తరువాత ఏ పరీక్షా తిరిగి తేలేదు.

అనేక వాక్యాలతో రూపొందించి, విశ్వసనీయత పరీక్షించిన లైకర్ట్ మాపనుల మొత్తాన్ని అంతర స్థాయిగా భావించవచ్చునని కొందరు పండితులు వాదిస్తారు. ఆ వాదనలో బలముంది; కాని అది ఒంటరి ప్రశ్నకు వర్తించదు.

కాబట్టి ప్రతి సిద్ధాంత వ్యాసంలో చలరాశుల పట్టికకు ‘కొలత స్థాయి’ అనే ఒక నిలువు వరుసను చేర్చడం మంచిది. వయస్సు, విస్తీర్ణం, దిగుబడులను అసలు అంకెల్లోనే సేకరించాలి. నామ స్థాయికి బాహుళకం, కై-వర్గ పరీక్ష. క్రమ స్థాయికి మధ్యగతం, శాతాలు, స్పియర్‌మన్ కోటి సహసంబంధం వాడాలి. ఈ నిర్ణయం ప్రశ్నావళి రాసేనాడే జరగాలి; గణన యంత్రం ముందు కూర్చున్ననాడు కాదు.