ఆకలి కూడా అనుకరణేనా?

మనం ఉన్నది నిజమైన లోకం కాదని, ఎవరో నడుపుతున్న కంప్యూటర్‌ ఆటలో మనమంతా బొమ్మలమని చెప్పే మేధావులు ఈ రోజుల్లో తక్కువేమీ కాదు. ఈ వాదనకు ఊపిరి పోసింది ఆక్స్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయ తత్వవేత్త నిక్‌ బోస్ట్రమ్‌ 2003లో రాసిన వ్యాసం. అంతటి కంప్యూటర్లు తయారుచేసే దశకు చేరకముందే మనిషి జాతి అంతరించి అయినా పోవాలి, చేరినా తన పూర్వికుల జీవితాలను కంప్యూటర్‌లో మళ్లీ నడిపి చూడాలన్న ఆసక్తి లేకుండా అయినా ఉండాలి, ఆ రెండూ కాకపోతే మనమే అలాంటి అనుకరణలో ఉన్నట్టు లెక్క అన్నారాయన. మూడింటిలో ఒకటి నిజమన్నారే తప్ప మూడోదే నిజమనలేదు. పైగా చైతన్యం మెదడులోనే కాక చిప్పుల మీద కూడా పుట్టగలదని ముందుగానే అనుకుని మొదలుపెడుతున్నానని దాచుకోకుండా రాశారు. అసలు తేలాల్సిందే అది!

వ్యాపారులకు అంత జాగ్రత్త ఎక్కడిది? 2016 జూన్‌లో కాలిఫోర్నియా సదస్సులో ఎలాన్‌ మస్క్‌ ఒక లెక్క చెప్పారు. నలభై ఏళ్ల క్రితం వీడియో ఆట అంటే రెండు గీతలు, ఒక చుక్క. ఇప్పుడవి అచ్చం నిజంలా ఉంటున్నాయి. ఇలాగే పోతే ఆటకూ నిజానికీ తేడా మిగలదు కాబట్టి మనం అసలు లోకంలో ఉండే అవకాశం వందల కోట్లలో ఒక్క వంతేనట. అదే ఏడాది అక్టోబరులో ఆయనే మరో మాట అన్నారు. 2017 ముగిసేలోగా తమ కారు మనిషి చెయ్యి తగలకుండా లాస్‌ ఏంజెలిస్‌ నుంచి న్యూయార్క్‌ వెళ్తుందన్నారు. 2017 వెళ్లిపోయింది, కారు వెళ్లలేదు. రెండింటిలోనూ ఉన్నది ఒకటే తర్కం: నిన్న ఇంత ఎదిగింది గనుక రేపు అంతా అయిపోతుంది! కారు సంగతి ఏడాదిలో తేలింది. విశ్వం సంగతి తేలే దారి లేదు, అందుకే ఆ మాట ఇంకా చలామణిలో ఉంది.

ప్రవక్త చెప్పింది జరగకపోతే అతనికి భయపడనక్కరలేదని మోషే ఇశ్రాయేలీయులకు నేర్పాడు (ద్వితీ 18:22). కృత్రిమ మేధ రంగాన్ని ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. ఇరవై ఏళ్లలో మనిషి చేసే ఏ పనైనా యంత్రాలు చేస్తాయని 1965లో హెర్బర్ట్‌ సైమన్‌ రాశారు. ఎక్స్‌రేలు చదివే డాక్టర్లకు శిక్షణ ఇక ఆపేయాలని, అయిదేళ్లలో యంత్రమే వారిని మించుతుందని 2016లో జెఫ్రీ హింటన్‌ అన్నారు. ఆస్పత్రులకు ఆ డాక్టర్లు నేటికీ కావాలి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీని నమ్మి అసలు లేని తీర్పులను కోర్టు ముందుంచి, అయిదు వేల డాలర్ల జరిమానా తెచ్చుకున్నారు. ఈ యంత్రాలు పనికిరావని కాదు. ప్రొటీన్ల ఆకృతిని ముందే చెప్పగల ప్రోగ్రామ్‌కు 2024లో రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది, అది న్యాయమే. కానీ మనిషిని మించిన మేధ వచ్చేసినట్టే లక్షల కోట్లు కుమ్మరించడం మాత్రం ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఈ అనుకరణ కబుర్లు విని కొందరు విశ్వాసులు సంబరపడుతున్నారు. ‘చూశారా, సైన్సే సృష్టికర్తను ఒప్పుకుంది’ అంటున్నారు. ఒప్పుకున్నది సృష్టికర్తను కాదు, ఒక ప్రోగ్రామర్‌ను. అతనికి మన కన్నీళ్లు తెర మీది చుక్కలు. తాను చేసిన లోకంలోకి దిగి వచ్చి, శరీరం ధరించి, మేకుల దెబ్బలు తిన్న దేవునికీ అతనికీ పోలికే లేదు.

ఇది సంఘానికి పాత తెగులే. క్రీస్తుకు నిజమైన దేహం లేదని, ఉన్నట్టు కనిపించిందంతేనని తొలినాళ్లలోనే కొందరు బోధించారు. వారిని డోసెటిస్టులన్నారు. రెండో శతాబ్దపు ఆరంభంలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ను సైనికులు క్రూరమృగాలకు వేయడానికి రోముకు తీసుకుపోతున్నారు. క్రీస్తు శ్రమ వట్టి భ్రమైతే నేనెందుకు ఈ సంకెళ్లలో ఉన్నట్టని ఆయన దారిలో స్ముర్న సంఘానికి ఉత్తరం రాసి అడిగాడు. అదే ఉత్తరంలో ఆ బోధకుల నడవడి ఎలా ఉందో కూడా చెప్పాడు. వాళ్లకు విధవరాలి గొడవ పట్టదు, అనాథ గొడవ పట్టదు, ఆకలితో ఉన్నవాడు కనబడడు.