పిల్లల కళ్ళు: ఎర్రబడితే పరుగు, చూపు తగ్గితే నిర్లక్ష్యమా?

పిల్లవాడి కన్ను ఎర్రబడిందంటే ఇల్లంతా కంగారు పడుతుంది. నానీ గులాబ్ అరఖ్ వేయమంటుంది, దాదీ సుర్మా పెట్టమంటుంది, అబ్బా మెడికల్ షాపుకు పరుగెత్తి ఏదో ఒక చుక్కల మందు తెస్తాడు. అదే పిల్లవాడు టీవీకి ఆనుకుని కూర్చుంటే, పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివితే మాత్రం ‘అల్లరి’ అని కసురుకుంటాం. మన ఇళ్ళలో పిల్లల కళ్ళకు ఎక్కువ నష్టం జరిగేది ఈ తారుమారు వల్లనేనని నా అభిప్రాయం.

సుమారు వెయ్యేళ్ళ క్రితం బాగ్దాదులో అలీ ఇబ్న్ ఈసా అనే కంటి వైద్యుడు ‘తజ్కిరతుల్ కహ్హాలీన్’ అనే గ్రంథం రాశారు. ముందు కంటి నిర్మాణం వివరించి, తర్వాత జబ్బులను రెండు రకాలుగా విడదీశారు. పైకి కనిపించేవి కొన్ని, కనిపించనివి కొన్ని. బరంపురం, గంజాం తల్లిదండ్రులకు ఈ విభజన నేటికీ పనికొస్తుంది.

పైకి కనిపించేవి

కళ్ళకలక: యూనానీలో దీన్ని ఆషోబె చష్మ్ అంటారు. 2023 జూలై, ఆగస్టు నెలల్లో దేశంలో అనేక చోట్ల ఇది విపరీతంగా వ్యాపించింది. కన్ను ఎర్రబడడం, పుసి కట్టడం, ఇసుక పడినట్లు గరగరలాడడం దీని లక్షణాలు. వైరస్ వల్ల వచ్చేది సాధారణంగా ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. కాచి చల్లార్చిన నీటిలో ముంచిన శుభ్రమైన దూదితో తుడవాలి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకూడదు. తువ్వాలు, దిండు వేరుగా ఉంచాలి. ఎదుటివారి కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందనేది అపోహ. చేతుల ద్వారా, తువ్వాళ్ళ ద్వారా అంటుకుంటుంది. నొప్పి ఎక్కువైనా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి.

పసిబిడ్డ కంటి నీరు: పుట్టిన కొన్ని వారాలకు ఒక కంటి నుంచి నీరు కారుతూ ఉంటే చాలావరకు అది కన్నీటి గొట్టం మూసుకుపోవడం వల్ల వస్తుంది. ముక్కు పక్కన కంటి మూల నుంచి కిందికి వేలితో మెల్లగా మర్దనా చేసే పద్ధతి డాక్టరు వద్ద నేర్చుకోండి. ఏడాది లోపు ఎక్కువ మందికి తగ్గిపోతుంది. కాని నెల లోపు బిడ్డకు కళ్ళు వాచి చీము వస్తుంటే ఒక్క పూట కూడా ఆగరాదు.

కంటికురుపు: గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెడితే చాలు. పిండకూడదు.

దురద: ఎండాకాలం, దుమ్ము రోజుల్లో కొందరు పిల్లలు కళ్ళు ఆపకుండా నులుముకుంటారు. ఇది ఎలర్జీ. చల్లని గుడ్డ కాపడం ఉపశమనం ఇస్తుంది. షాపువాడు ఇచ్చిన చుక్కలతో ఎరుపు మంత్రం వేసినట్లు పోయిందంటే అందులో స్టెరాయిడ్ ఉండవచ్చు. వాటిని నెలల తరబడి సొంతంగా వేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లం కూడా రావచ్చు. గ్లాకోమాతో పోయిన చూపు తిరిగి రాదు.

పైకి కనిపించనివి

మొన్న ఒక తల్లి ఎనిమిదేళ్ళ కూతురిని తీసుకొచ్చింది. అమ్మాయి ఎడమ కన్ను కొద్దిగా మెల్ల. “అదృష్టమన్నారు హకీం సాబ్, అందుకే ఊరుకున్నాం” అన్నది. కుడి కన్ను మూసి చూపిస్తే అమ్మాయికి నా చేతివేళ్ళు కూడా లెక్కకు అందలేదు. పని లేని కన్నును మెదడు పక్కన పెట్టేస్తుంది. దీన్నే సోమరి కన్ను అంటారు. ఏడెనిమిదేళ్ళ లోపు కళ్ళజోడు పెట్టి, బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేస్తే చూపు చాలావరకు తేవచ్చు. తర్వాత కష్టమవుతుంది. ఆ తల్లి నాలుగేళ్ళ ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

కళ్ళజోడు పెడితే అమ్మాయికి సంబంధాలు రావని భయపడే తండ్రులకు ఒక మాట. చూపు లేని కన్నుతో ఆమె బ్రతుకంతా గడపాలి. ఆ భయం ఆమెకు ఏం మేలు చేసింది?

ఫ్లాష్ ఫొటోలో ఒక కంటి పాప తెల్లగా మెరిస్తే, దాన్ని పిల్లి కన్ను అని నవ్వి వదిలేయకండి. అది పుట్టు శుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ కావచ్చు. అలాగే 34 వారాల ముందు పుట్టిన లేదా 2 కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకు నెల తిరిగే లోపు కంటి తెర పరీక్ష తప్పనిసరి. చీకటిపడితే తడుముకునే పిల్లవాడికి రేచీకటి, అంటే షబ్‌కోరీ ఉండవచ్చు. మునగాకు, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు, కాలేయం పెట్టండి. అంగన్‌వాడీలో 9వ నెల నుంచి 5 ఏళ్ళ వరకు ఇచ్చే ఎ విటమిన్ 9 మోతాదుల్లో ఒక్కటి కూడా వదలకండి. ఇంట్లో సొంతంగా అదనంగా పోయకండి.

సుర్మా గురించి

ఇది చెబితే పెద్దలకు కోపం రావచ్చు. చిన్నపిల్లల కళ్ళకు సుర్మా, కాటుక పెట్టవద్దు. హదీసుల్లో వచ్చే ఇస్మిద్ అంజనరాయి అని సాధారణంగా చెబుతారు. బజారులో ఆ పేరుతో అమ్మే పొడుల్లో చాలావాటిలో ఉండేది గెలీనా అనే సీసపు ఖనిజం. పిల్లవాడు కన్ను నులిమి వేలు నోట్లో పెట్టుకుంటే సీసం ఒంట్లోకి చేరుతుంది, మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. తల్లిపాలు, తేనె, అంగడి గులాబ్ అరఖ్ కంట్లో వేయడం కూడా మానండి. యూనానీని ప్రేమించేవాడినే ఈ మాట అంటున్నాను. ఏ మందు ఎక్కడ వద్దో చెప్పడం కూడా వైద్యమే.

బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్ద పరీక్షలు కావాలంటే భువనేశ్వర్‌లో, విశాఖపట్నంలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. రెండూ రైలు దారిలోనే.

ఈ శుక్రవారం ఒక పని చేయండి. పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండరు అంకెలు చదివించండి, తర్వాత రెండో కన్ను. పసివాడైతే ఒక కన్ను మూసినప్పుడే గోల చేస్తాడేమో గమనించండి. రెండు నిమిషాల పని. తేడా కనిపిస్తే సుర్మాదానీ వెతక్కండి, బిడ్డ చేయి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరకు నడవండి.