మాన్యువల్లో పది ఉందని పది పెట్టేస్తారా?

పాత కార్ల పిచ్చి ఉన్న మనవాళ్ళతో ఇగ్నిషన్ టైమింగ్ గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. "ఐడిల్లో పది డిగ్రీలు పెట్టాం గురూ, మాన్యువల్లో అంతే ఉంది." అంతే, ఇక చర్చ లేదు. సర్వర్‌ని ఒక్క యూజర్‌తో టెస్ట్ చేసి ప్రొడక్షన్‌లోకి తోసేసే జూనియర్‌ని ఉతికి ఆరేసే మనమే, ఆదివారం స్పానర్ పట్టుకోగానే అదే పని చేస్తాం.

స్పార్క్ పడగానే పెట్రోలు ఠపీమని పేలిపోదండీ. మంట సిలిండరంతా పాకడానికి కొంచెం టైం పడుతుంది. పిస్టన్ పైకొచ్చి మళ్ళీ దిగడం మొదలెట్టాక, సుమారు 15 డిగ్రీల దగ్గర ప్రెషర్ గరిష్ఠంగా ఉంటే మంచిది. అందుకే స్పార్క్ ముందే పడాలి. ఎంత ముందు? 750 ఆర్పీఎం దగ్గర క్రాంక్ మిల్లీసెకనుకి 4.5 డిగ్రీలు తిరుగుతుంది, 3000 దగ్గర 18. ఒక్క నంబరుతో పనవదని లెక్కే చెప్తోంది కదా! డిస్ట్రిబ్యూటర్లో బరువులు, స్ప్రింగులు పెట్టింది అందుకే. స్పీడు పెరిగేకొద్దీ అవి స్పార్క్‌ని ముందుకి లాగుతాయి. తక్కువ లోడు మీద వ్యాక్యూమ్ డబ్బా ఇంకాస్త కలుపుతుంది. ఐడిల్లో మీరు చూసేది ఈ గ్రాఫులో మొదటి చుక్క మాత్రమే.

పోనీ ఆ మాన్యువలైనా సరిగ్గా చదువుతారా అంటే అదీ లేదు. మన 1489 సీసీ అంబాసిడర్ ఇంజనూ, బ్రిటన్‌లో 1962లో వచ్చిన ఎమ్‌జీబీ 1798 సీసీ ఇంజనూ ఒకే బీఎమ్‌సీ బి-సిరీస్ కుటుంబం. ఆ తొలి ఎమ్‌జీబీకి రాసినవి రెండు నంబర్లు: ఇంజన్ ఆపి పెడితే 10, స్ట్రోబ్ లైటుతో 600 ఆర్పీఎం దగ్గర చూస్తే 14. మనవాడు పది అన్న అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుని, ఇంజన్ తిరుగుతుండగా లైటు వేసి పది పెడతాడు. నాలుగు డిగ్రీలు వెనక్కి! మంట ఆలస్యమై, ఆ వేడంతా ఎగ్జాస్టులోకీ కూలెంటులోకీ పోతుంది. ఇక ఎండాకాలం ట్రాఫిక్‌లో కారు కాగిపోతోందని రేడియేటర్ మారుస్తాడు, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడతాడు, చివరికి ఎథనాల్‌ని తిడతాడు.

ఎథనాల్ అన్నానుగా. మాన్యువల్ రాసిన రోజుల్లో పెట్రోల్లో లెడ్ ఉండేది. అది మన దేశంలో 2000లో పోయింది. 2025కల్లా 20 శాతం ఎథనాల్ వచ్చింది. ఎథనాల్ వల్ల నాకింగ్ తగ్గుతుంది, కానీ పాత కార్బురేటర్ జెట్టుకి మిశ్రమం పల్చబడుతుంది. పల్చటి మిశ్రమం నెమ్మదిగా మండి ఇంకొంచెం అడ్వాన్స్ అడుగుతుంది. ఇంధనమే మారిపోయాక పాత నంబరు దగ్గర మొదలుపెట్టొచ్చు గానీ, అక్కడే ఆగిపోతే ఎలా?

పైగా డిస్ట్రిబ్యూటర్ వయసు నలభై యాభై ఏళ్ళు. స్ప్రింగులు సాగితే అడ్వాన్స్ తొందరగా వచ్చేస్తుంది. గ్రీజు ఎండిపోయి బరువులు ఇరుక్కుంటే అసలు రాదు. ఈ రెండు కార్లూ ఐడిల్లో ఒకే నంబరు చూపిస్తాయి! మొదటిదాంట్లో నాకింగ్ వచ్చి పిస్టన్లు పోతాయి, రెండోది ఎద్దుబండిలా నడుస్తుంది.

"మా మేస్త్రీ చెవితోనే పెట్టేస్తాడు" అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ హైవే స్పీడులో లోడు మీద వచ్చే సన్నటి నాకింగ్, ఆ గాలి హోరులో ఏ మేస్త్రీకి వినపడుతుంది?

పాయింట్ల గ్యాప్ ముందు సరిచేయండి, అది మారితే టైమింగ్ కూడా మారుతుంది. వ్యాక్యూమ్ పైపు పీకి మూసేయండి. పుల్లీ మీద ఉన్న గుర్తుని నమ్మకుండా అసలు టీడీసీ ఎక్కడో వెతకండి. అక్కణ్ణుంచి 30 డిగ్రీల దగ్గర గీత పెట్టండి, 150 మి.మీ. పుల్లీ అయితే అంచు మీద సుమారు 39 మి.మీ. దూరం. ఇంజన్ వేడెక్కాక, లైటు వేసి, అడ్వాన్స్ ఇక పెరగని దాకా రేజ్ చేయండి. బి-సిరీస్‌కి మొత్తం 30, 32 దగ్గర ఆగితే మొదలుపెట్టడానికి చాలు. పైపు తగిలించి, టాప్ గేరులో ఎత్తు ఎక్కించి చూడండి. టకటకమంటే రెండు డిగ్రీలు తగ్గించండి. అప్పుడు ఐడిల్లో ఎంత చూపిస్తే అంత. అది పది కాకపోయినా కంగారు పడకండి.