ఎసటి నీళ్ళు

ఆంధ్రదేశమున తొలి వితంతు వివాహము 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిగినదని బడిపిల్లవాడు సైతము చెప్పగలడు. వరుడు గోగులపాటి శ్రీరాములనియు, వధువు బాలవితంతువైన గౌరమ్మయనియు, పెండ్లి పెద్దలు కందుకూరి వీరేశలింగము పంతులుగారనియు కొంచెము చదువుకొన్నవాడు చెప్పును. ఆ పెండ్లి విస్తళ్ళలోని అన్నము వండిన దెవరు, ఆ వంటకు గోదావరినుండి నీళ్ళు మోసిన దెవరు అని అడిగినప్పుడు మాత్రము మన విద్వత్సభలలో ఒక్క క్షణము గొంతులు సవరించుకొనుట వినబడును.

ఆ పెండ్లి చేయించిన యింటికి వెలి, అనగా సంఘబహిష్కారము, పడినది. వెలి అను మాటను నేటి యువపాఠకులు నిఘంటువులోనే చూచుచున్నారు గనుక, దాని నడక యెట్టిదో కొంత విప్పి చెప్పవలసియున్నది. వెలి వేయువా రెవ్వరును కఱ్ఱలు పట్టుకొని గుమ్మమునకు రారు. పురోహితుడు ఒంట్లో బాగులేదని కబురు పంపును. వంటవాడు మఱియొక యూరిలో పని యొప్పుకొంటినని తప్పుకొనును. నీళ్ళు తెచ్చువాడు రెండు పూటలు కనబడక, మూడవ పూట ఎదురుపడినను తల వంచుకొని పోవును. నిన్నటిదాక పెరటి గోడ మీదుగా చింతపండు బదులడిగిన పొరుగింటి ఇల్లాలు పలుకరింపు మానును. వెలి వేయుచు పీఠాధిపతులు పంపు శ్రీముఖము గృహయజమానుని పేరనే వచ్చును గాని, దాని బరువు పడునది పొయ్యిగడ్డ మీద. యజమానునికి పరాశరస్మృతి యున్నది, వాదించుటకు సభ యున్నది, వ్రాసికొనుటకు పత్రిక యున్నది; మఱి పొద్దు గూకులోపల ఇంటిల్లిపాదికిని, పెండ్లికి వచ్చినవారికిని అన్నము పెట్టవలసిన మనిషికి బిందె యొక్కటే యున్నది.

ఆ బిందె నెత్తుకొన్న యామె పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. వంటవారును, నీళ్ళవారును రాకపోయినప్పుడు ఆమె తానే గోదావరికి పోయి నీళ్ళు తెచ్చి, తానే వండి వడ్డించినదని చరిత్రకారులు ఒక వాక్యములో వ్రాసి, మఱుసటి వాక్యములో పంతులుగారి ధైర్యమును మరల అందుకొందురు. ఆ ఒక్క వాక్యము దగ్గఱ నిలిచి చూచిన చాల యున్నది. మా యింట ఒక చిన్న శుభకార్యము నాడు కొళాయి ఒక్కపూట ఎండిపోగా ఇరువదిమందికి వంట చేయుటకు మేము పడిన హైరానా నాకు జ్ఞాపకమున్నది: బియ్యము కడుగుటకు నీళ్ళు, ఎసటికి నీళ్ళు, పప్పునకు, పులుసునకు, గుండిగలు తోముటకు, కాళ్ళు కడుగుకొనుటకు, త్రాగుటకు, భోజనమైన పిమ్మట చేతులకు. ఏ పెండ్లివంటకైనను నిండిన బిందెలకంటె ఖాళీయైన బిందెలు వడివడిగా కనబడును. అట్టి బిందెను డిసెంబరు చలిలో రేవు మెట్లు దిగి, నడుము లోతు నీట ముంచి, చంక నెత్తుకొని, తడిసిన చీర కుచ్చెళ్ళు కాళ్ళకు చుట్టుకొనుచుండగా మెట్లెక్కుట యొక యెత్తు. రేవులో స్నానములు చేయుచున్న తోటి స్త్రీలు తాకకుండ ప్రక్కకు ఒదిగిపోవుచుండగా వారి నడుమనుండి నడచుట మఱియొక యెత్తు. రేవులోని యీ దృశ్యము నా యూహయే, గ్రంథస్థము కాదు. కాని వెలి యెఱిగినవా రెవ్వరును దీనిని అసంభవమనరు.

ఆమెను గూర్చి వ్రాయువారు తఱచుగా వాడు మాట ‘అనుకూలవతి’. ఈ మాట నాకు రుచింపదు. భర్త చెప్పెను గనుక ఆమె చేసినదనుటలో, ఆమెకు తనదైన నిశ్చయ మేదియు లేదన్న భావము దాగియున్నది. ఆచారము గల యింట పుట్టి, మడి కట్టుకొనుట ఊపిరి తీసికొనుటవలె అలవడిన స్త్రీ, తోటి స్త్రీల పలుకరింపు పోవునని తెలిసియే వితంతువధువు నింట నుంచుకొని కన్నబిడ్డవలె చూచుట ఆజ్ఞాపాలనమువలన మాత్రమే సాధ్యమగునా? పుణ్యమునకు పంతులుగారు తమ స్వీయచరిత్రలో ఆమె సహాయమును మఱువలేదు, మఱచినది తరువాతివారు. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ఈ యుద్యమమున కిచ్చిన ధనమును అంకెలతో సహా భద్రపఱచితిమి, భద్రపఱచవలసినదే. బిందెలకు లెక్క వ్రాసినవారు లేరు. పేరు సంగతియు అంతియే. కాతేరులో 1851లో పుట్టినప్పుడు ఆమె పేరు బాపమ్మ. అత్తవారింట అది రాజ్యలక్ష్మి యైనది. పుట్టినింటి పేరు అడుగున పడిపోయినది.

పేర్లు ఇట్లు అడుగున పడిపోవుట చూడజాలని స్త్రీ మఱి యిరువదియేండ్లకు వచ్చినది. బడికి పోకయే తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో చదువు సంపాదించుకొన్న భండారు అచ్చమాంబగారు 1902లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీసమాజమును నెలకొల్పిరి. అంతకుముందే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యందు భారతస్త్రీల జీవితములను ఒక్కొక్కటిగా ఏరి కూర్చిరి. శీర్షికలోని ‘అబల’ యను మాటను చూచి నవ్వుకొనవచ్చును గాని, స్త్రీల చరిత్రను ఒక స్త్రీయే పూనుకొని వ్రాయుట తెలుగున అంతకుమున్ను లేదు. 1905లో ముప్పదియేండ్లు దాటీదాటకయే ఆమె గతించుట మన భాషకు తీరని లోటు.

పొయ్యిగడ్డ కథ అంతటితో ముగియలేదు; దూబగుంట సంగతి మీరెఱిగినదే. నెల్లూరు జిల్లాలోని ఆ పల్లెలో 1992లో కూలిపని ముగించుకొని రాత్రిబడికి వచ్చిన ఆడవారు వాచకములో సారాను ఎదిరించిన సీతమ్మ కథను కూడబలుకుకొని చదివి, ఆ సీతమ్మ తామేయని గుర్తించిరి. కూలిడబ్బులు సారా ప్యాకెట్లకు పోయిన పూట వారి యిండ్లలో ఎసరు మరగినను అందులో పోయుటకు బియ్యము లేకపోయెను. రాజమహేంద్రవరపు పొయ్యికి సంఘము నీళ్ళు మాన్పింపగా, దూబగుంట పొయ్యికి సర్కారు సారా వేలము పాడుకొన్న పాటదారుడు బియ్యము మాన్పించెను. వర్ధినేని రోశమ్మగారును, ఆమె తోడివారును సారాకొట్టు మూయించిరి. జిల్లాలోని స్త్రీలు వేలంపాటలనే సాగనీయరైరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. ఆపై 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధమును 1997లో ఎత్తివేసిరన్నది వేఱొక కథ. ఆ యెత్తివేతకు ముందు దూబగుంటకు పోయి అడిగివచ్చిన మంత్రివర్యులున్నట్లు నేను వినలేదు.

రాబోవు సంచికనుండి ఈ పత్రికలో రెండు పుటలు ఖాళీగా ఉంచుచున్నాము. మీ యిండ్లలో, మీ వీధులలో, మీ పేటలో ఏదో యొక దానిని మార్చుటకు పూనుకొన్న అమ్మమ్మను గూర్చియో, మేనత్తను గూర్చియో, మంత్రసానిని గూర్చియో మీరెఱిగినది వ్రాసి పంపుడు. శైలిని గూర్చి దిగులు వలదు, పెన్సిలుతో వ్రాసినను సరియే, చదువురానివారు చెప్పగా పిల్లలు వ్రాసినను సరియే. ఆమె యేమి వండినది, ఎక్కడినుండి నీళ్ళు తెచ్చినది, ఎవరెవరు మాటలాడుట మానిరి అన్నవి విడువవలదు. పేరు వ్రాయునప్పుడు ఫలానివారి భార్య యని సరిపెట్టక, పుట్టినింట పిలిచిన పేరు తెలిసినచో అదియు వ్రాయుడు.