సీజను రాబడి, నెలనెలా చందా

వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో మిర్చి, పత్తి అమ్ముకునే రైతుకు ఏడాది రాబడిలో అధికభాగం కొద్ది నెలల్లోనే చేతికి వస్తుంది. ఆ బస్తాలు మోసే హమాలీకి యార్డులో సరుకు ఉన్న రోజుల్లోనే కూలి గిడుతుంది. చందా సేవలు, అంటే వాడినా వాడకపోయినా గడువు రాగానే రుసుము తీసుకునే సినిమా వేదికలు, ఫోను ప్యాకులు, సమాచార సేవలు మాత్రం నెలజీతం అందుకునే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. అందువల్ల ఏ చందాకు డబ్బు కట్టడం సమంజసమన్న ప్రశ్నకు నగర ఉద్యోగుల కోసం తయారయ్యే జాబితాలలో ఇక్కడి వారికి సమాధానం దొరకదు. రాబడి లేని నెలల్లోనూ ఆ సేవ అవసరమా, అదే మేలు మరోచోట ఉచితంగా అందుతుందా, వద్దనుకున్న రోజున సులువుగా మానుకోవచ్చా అనే మూడు ప్రశ్నలే ఇక్కడ కొలబద్ద కావాలి.

ఈ కొలబద్దకు మొదట నిలిచేది ఫోను రీచార్జి. కేరళ తీరానికి 1997-2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత మత్స్యకారులు ఏ రేవులో ధర బాగుందో ముందే తెలుసుకోగలిగారనీ, దానితో రేవుల మధ్య ధరల తేడా తగ్గి, కొనేవారు లేక చేపలు పారబోసే అవస్థ దాదాపు తొలగిపోయిందనీ ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో నిరూపించారు. అయితే నెల ప్యాకుగా అమ్ముడయ్యేది చాలావరకు 28 రోజుల ప్యాకు కాబట్టి ఏడాదికి 12 కాదు, 13 సార్లు డబ్బు కట్టవలసి వస్తుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఇంటర్నెట్ వాడని వృద్ధుల ఫోనుకు డేటా ప్యాకు వేయించడం వృథా వ్యయం. మాటలకు, సందేశాలకు మాత్రమే పరిమితమైన ప్యాకులను కంపెనీలు తప్పనిసరిగా అందుబాటులో ఉంచాలనీ, వాటి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చనీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది.

ఫోను విలువైనదైనంత మాత్రాన ఫోనులో అమ్మే ధరల సమాచారానికి విడిగా చందా కట్టడం విలువైన పని కాదు. 2007లో మహారాష్ట్రలో మొదలైన రాయిటర్స్ మార్కెట్ లైట్ అనే సేవ రైతులకు ధరలు, వాతావరణ వివరాలను ఎస్సెమ్మెస్‌ల ద్వారా చందాకు అందించింది. ఫాఫ్‌షాంప్, మింటెన్ అనే పరిశోధకులు ఆ రాష్ట్రంలోని 100 గ్రామాలను పరిశీలించి, ఈ సందేశాలు అందుకున్న రైతులకు సగటున దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2012లో ప్రకటించారు. ఎనుమాముల పద్ధతి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం కలగదు. అక్కడ మేలైన సరుకుకు వేలంలో పలికిన అత్యధిక ధరను జెండా పాటగా ప్రకటిస్తారు. కానీ తేమ, రంగు, తాలు చూసి ఒక్కొక్క రాశికి కట్టే ధర దానికంటే తక్కువగా ఉండడం మామూలే. ఫోనుకు వచ్చే అంకె ఈ తేడాను పూడ్చలేదు. పైగా మార్కెట్ ధరలు ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లోనూ, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లోనూ, సాగు సలహాలు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌లోనూ ఉచితంగానే లభిస్తాయి.

వినోదం అనవసరమని ఎవరూ అనలేరు; పగలంతా బరువులు మోసిన మనిషికి రాత్రి ఒక సినిమా న్యాయమైన కోరిక. అయితే దానిని ఏడాది పొడవునా కట్టే రుసుముగా కాక, తీరిక ఉన్న నెలకు మాత్రమే కొనుక్కోవడం మేలు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో తన మొబైల్ ప్యాకును 149 రూపాయలకు తగ్గించింది. ఆ ధరన ఏడాదికి 1,788 రూపాయలవుతాయి, చూసే మూడు నెలలకే కడితే 447తో సరిపోతుంది. ఇందుకు అడ్డుపడేది ఆటోపే, అంటే ఒకసారి పిన్ నొక్కి అనుమతిస్తే ఆపై గడువు రాగానే ఖాతా నుంచి సొమ్ము దానంతటదే వెళ్ళిపోయే ఏర్పాటు. సరుకు అమ్మిన రైతు అమ్మకపు లెక్కల చీటీ అయిన తక్‌పట్టీ చేతికి రాగానే బస్తాలెన్ని, తూకమెంత, హమాలీకి ఎంత, కమీషనుకు ఎంత కోశారని వరుస వరుసా చదువుతాడు. బ్యాంకు పంపే సందేశాన్ని కూడా అదే శ్రద్ధతో చదవాలి. సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్ళి ఇచ్చిన అనుమతిని రద్దు చేసుకోవచ్చు. చేరడం తేలికగా, మానడం కష్టంగా ఉంచే చందా ఉచ్చును కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషిద్ధ పద్ధతుల జాబితాలో చేర్చింది కాబట్టి, అటువంటి అనుభవం ఎదురైతే 1915 ఫోను నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

కట్టకపోతే నష్టమయ్యే చందాలూ ఉన్నాయి. సమాజానికి అక్షరాన్ని అందించే చందా అటువంటిది. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం, 1922లో ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు వెలువరించిన ‘తెనుగు’ పత్రిక వంటివి నిజాం పాలనలో పాఠకుల ఆదరణ మీద ఆధారపడి సాగిన ప్రయత్నాలు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వార్తాపత్రికకో మంచి మాసపత్రికకో కట్టే సొమ్ము వృథా పోదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ఏడాదికి 20 రూపాయలతో 18 నుంచి 70 ఏళ్ల బ్యాంకు ఖాతాదారుకు ప్రమాద మరణానికి గానీ శాశ్వత సంపూర్ణ వైకల్యానికి గానీ 2 లక్షల రూపాయల రక్షణ దొరుకుతుంది. 436 రూపాయల జీవనజ్యోతి బీమా ఏ కారణంతో మరణించినా అంతే మొత్తం ఇస్తుంది. అందులో చేరడానికి వయసు 18-50 ఏళ్ల మధ్య ఉండాలి. రెండూ కలిపి ఏడాదికి 456 రూపాయలు. 2018 ఆగస్టులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ రైతుబీమా పట్టాదారులకే పరిమితం కాబట్టి, సొంత భూమి లేని కౌలు రైతుకూ, లారీల మధ్య బస్తా మోసే హమాలీకీ ఈ చిన్న చందాలే దిక్కు.

ఈ బీమాల సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. రుసుము మే నెలాఖరులో ఖాతా నుంచి కోతపడుతుంది, ఆ రోజు నిల్వ లేకపోతే రక్షణ ఆగిపోయే ప్రమాదం ఉంది. మిర్చి సీజను ముగిసే ఆ రోజుల్లోనే మార్కెట్ కమిటీ, బ్యాంకులు యార్డులో శిబిరం పెట్టి ప్రతి హమాలీనీ, తూకం వేసే దడ్వాయినీ, కౌలు రైతునూ ఈ పథకాల్లో చేర్పించాలి. కుటుంబాలు సైతం అదే వారంలో ఆటోపే జాబితా తెరిచి, చూడని సేవలను రద్దు చేసి, ముందుగా ఈ 456 రూపాయలను ఖాతాలో ఉంచుకోవాలి; మిగిలిన చందాల సంగతి ఆ తరువాతే ఆలోచించాలి.