ఆవిడకి చెప్పకండి అనేవాళ్ళకి

"ఆవిడకి చెప్పకండి, కంగారు పడుతుంది." మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ జబ్బు మీద మొదట పడే తాళం ఈ మాట. మగవాడికి జబ్బు చేస్తే ఫైలు ఆయన చేతిలోనే ఉంటుంది. ఆడమనిషికి చేస్తే ఫైలు భర్త సంచిలోనో కొడుకు ఫోన్లోనో ఉంటుంది, ఆవిడ చేతిలో మాత్రల కవరు ఒక్కటే ఉంటుంది. దీన్ని ప్రేమ అంటారు. నేను ఒప్పుకోను.

మా వదిన, అంటే మావారి అక్కయ్య సంగతి ఇది. ఆవిడ రాయమన్నాకే రాస్తున్నాను. 1996లో మొదటి కాన్పు ఆపరేషన్ అయి రక్తం ఎక్కించారు. మన దేశంలో దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి చేసింది 2001లో. అంతకుముందు ఎక్కించుకున్నవాళ్ళ ఒంట్లోకి ఏం వెళ్ళిందో చూసిన నాథుడు లేడు. ఈ వైరస్ ఇరవై ముప్పై ఏళ్ళు చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది. కాళ్ళు వాచి, పొట్టలో నీరు చేరాక బయటపడింది. సిర్రోసిస్, అదీ ముదిరిన దశ. డాక్టరుగారు పన్నెండు వారాల మందు రాశారు. ఇంటిల్లిపాదీ కూడబలుక్కుని ఆవిడకి మాత్రం "లివర్ కాస్త వీకు" అని చెప్పారు.

కాస్త వీకట! ఇరవై ఏళ్ళు ఆ ఇంటి పద్దులు రాసిన మనిషికి తన ఒంటి లెక్క మాత్రం అర్థం కాదన్నమాట.

అంకెలు వింటే జావగారిపోతుందని వాళ్ళ భయం. ఏ అంకెలు? పాతరోజుల్లో అయితే భయపడాల్సినవే. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు దాదాపు ఏడాది పొడిపించుకున్నా సగం మందికే వైరస్ పోయేది, కాలేయం ఇంతగా పాడైనవాళ్ళకి ఆ మందు ఇవ్వడమే ప్రమాదం. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్ వచ్చింది, మాత్ర ఒక్కింటికి వెయ్యి డాలర్లు. అదే మందుని తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో చవగ్గా చేసిపెట్టాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం. ఇందులో దాచాల్సిందేముంది?

ఉంది, ఇంకో సగం ఉంది. అసలు పేచీ అక్కడే. ముదిరిన సిర్రోసిస్ ఉన్నవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్‌లకి రిబావిరిన్ కలిపి పన్నెండు వారాలు ఇస్తే నూటికి 94 మందికి వైరస్ పోయింది. రిబావిరిన్ లేకుండా ఇస్తే 83 మందికి. ఇంతవరకూ చదివి మా చుట్టం ఒకాయన "నూటికి నూరూ తగ్గిపోతుంది" అని ఊరంతా చాటేశాడు. ఆ అధ్యయనంలోనే ఇంకో లెక్క ఉంది: మందు అయిపోయాక కాలేయం పరిస్థితి మెరుగైంది నూటికి 47 మందికే. 42 మందికి ఎక్కడిది అక్కడే ఉంది. 11 మందికి ఇంకా దిగజారింది. వైరస్ పోతుందా అన్నది ఒక ప్రశ్న, కాలేయం కోలుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. మొదటి దాని జవాబు తెచ్చి రెండోదానికి అతికిస్తే అది అబద్ధమే. అలాగే 11 ఒక్కటే పట్టుకుని "ఇంకెందుకు తిప్పడం" అని గొణిగినవాళ్ళదీ అబద్ధమే.

పైగా ఆ నూరుమందీ ఒక గుంపు. వదిన ఒక్క మనిషి. ఆవిడకి వైరస్ తొంభైనాలుగు వంతులు పోయి ఆరు వంతులు మిగలదు. పోతే పోతుంది, లేకపోతే లేదు. మందు ఆపిన పన్నెండు వారాలకి చేసే రక్తపరీక్ష దాకా ఎవరూ చెప్పలేరు. ఆ ఆరు నెలలూ తెలియకుండా బతకాల్సింది ఆవిడ. ఎంత తెలియదో అన్నా తెలియనివ్వండి.

ఇక రెండో రకం మనుషులు, మనోబలం బాపతు. "ధైర్యంగా ఉంటే ఏ జబ్బైనా పారిపోతుంది, పోరాడాలమ్మా" అంటారు. రిబావిరిన్ రక్తం తగ్గించేస్తుంది, మెట్టెక్కితే ఆయాసం. ఆ మనిషితోనా పోరాటం కబుర్లు? మా పద్మనాభంలో 1794 జూలై 10న నిజంగానే యుద్ధం జరిగింది. విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి ఇక్కడే చనిపోయారు. ఆయనకి మనోబలం చాలక పోయారని మా ఊళ్ళో ఎవరూ అనగా నేను వినలేదు. జబ్బు మనిషిని మాత్రం అనేస్తాం. రేపు పరీక్ష బాగా రాకపోతే తప్పు ఆవిడ గుండెది అయిపోతుంది, మందుదీ కాదు, వైరస్‌దీ కాదు.

పత్యం గోల ఇంకొకటి. కామెర్లకి పెట్టినట్టు మజ్జిగన్నం పెట్టి, పప్పూ గుడ్డూ మానిపించారు. పొట్టలో నీరున్నప్పుడు తగ్గించాల్సింది ఉప్పు. ఆవకాయ మానాలంటే వదినకి ప్రాణం పోయినట్టే ఉంది పాపం, కానీ తప్పదు. మాంసకృత్తులు మాత్రం తగ్గించకూడదు, సిర్రోసిస్‌లో కండ కరిగిపోతుంది కనుక పప్పు, గుడ్డు, పాలు బాగా పెట్టాలనే వైద్యులు చెబుతున్నారు. రాత్రి పడుకునేముందు ఏదో ఒకటి తినిపించమంటారు. ఆకు పసర్లు, కషాయాలు తెచ్చేవాళ్ళకి ఒక్క మాట: కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ళ కేసులు ముంబై వైద్యులు నమోదు చేశారు. మంచి కాలేయానికే అలా అయితే దీనికి?

కంచం, గ్లాసు వేరు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఇది రక్తం ద్వారా అంటుకునే జబ్బు. అన్నం వల్ల, నీళ్ళ వల్ల, పక్కన కూర్చుంటే అంటుకోదు. బ్లేడు, గోళ్ళ కత్తెర, టూత్‌బ్రష్ వేరుంచుకుంటే చాలు.

దాచడంలో ఉన్న అసలు నష్టం చెప్పాలి. వదినకి రెండో కూతురు ఆ రక్తం ఎక్కించాక మూడేళ్ళకి పుట్టింది. ఈ వైరస్ తల్లి నుంచి బిడ్డకి వచ్చే అవకాశం నూటికి ఐదారు. ఆ పిల్లకి పరీక్ష చేయించాలని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే తట్టాల్సిన మనిషికి జబ్బు పేరే చెప్పలేదు. నేను చెప్పాను. చెప్పినందుకు మావారు రెండు రోజులు మాట్లాడలేదు. వదిన ఏడవలేదని అనను, ఆ రాత్రి ఏడ్చింది. తెల్లారి మొదట అడిగింది చిన్నదాని సంగతి. మూడోరోజు పిల్లకి పరీక్ష చేయించింది, లేదని వచ్చింది. వారంలో బ్యాంకు కాగితాల మీద నామినీ పేర్లు సరిచేయించింది. డాక్టరుగారి దగ్గర తనే కూర్చుని, వైరస్ పోయినా ఆరు నెలలకోసారి స్కానింగ్ ఎందుకని అడిగింది. సిర్రోసిస్ ఉన్న కాలేయానికి కాన్సర్ భయం మిగిలే ఉంటుందని ఆయన చెబితే తేదీలు క్యాలెండర్ మీద రాసుకుంది. జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించి కూడా అడిగొచ్చింది, అవసరం పడితే అని.

మాత్రలు అయిపోయాయి. పొట్టలో నీరు తగ్గింది, కాళ్ళ వాపు సాయంత్రానికి వస్తూనే ఉంది. ఆఖరి పరీక్షకి ఇంకా ఐదు వారాలుంది. ఫోన్ చేసి నన్ను అడిగేవాళ్ళకి వదిన నంబరు ఇస్తున్నాను.