ఇంట్లో ఆయుధం ఎవరికి రక్షణ?

2021 జూన్ 15. కరోనా రెండో విడత ఉధృతి అప్పుడప్పుడే తగ్గుముఖం పడుతున్నది. ఆసుపత్రి పడకల కోసం, ఆక్సిజన్ కోసం పరుగులు తీసిన రాయలసీమ కుటుంబాలు ఇంకా తేరుకోలేదు. ఆ రోజున కడప జిల్లా పులివెందుల మండలం నల్లపురెడ్డిపల్లెలో ఇద్దరు గ్రామస్తుల మధ్య తగాదా ముదిరింది. ఒకరు తన లైసెన్సు తుపాకీతో రెండోవారిని కాల్చి చంపి, అదే తుపాకీతో తననూ కాల్చుకొన్నారు. కరోనా కాటుకు తట్టుకొని నిలబడిన రెండు ఇళ్ళలో తుపాకీ చీకటి నింపింది.

అంతకు ఆరు నెలల ముందు, 2020 డిసెంబరు 18న, తెలంగాణలోని ఆదిలాబాద్ పట్టణంలో ఇటువంటి ఘోరమే జరిగింది. పిల్లల క్రికెట్ ఆటలో మొదలైన గొడవ పెద్దలదాకా వచ్చింది. ఒక రాజకీయ పార్టీకి జిల్లా అధ్యక్షుడిగా ఉన్న వ్యక్తి తన లైసెన్సు తుపాకీతో కాల్పులు జరిపాడు. గాయపడినవారిలో ఒకరు వారం రోజుల తరువాత హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. 2022 జనవరిలో న్యాయస్థానం నిందితుడికి యావజ్జీవ శిక్ష విధించింది. కాల్చినవాడూ మనవాడే, ప్రాణం పోగొట్టుకొన్నవాడూ మనవాడే. ఒక బంతి, ఒక బ్యాటు దగ్గర మొదలైన మాట రెండు ముస్లిం కుటుంబాలను ఆ స్థితికి తెచ్చింది.

2023 మార్చి 28న పులివెందుల పట్టణంలోనే డబ్బు లావాదేవీల వివాదం కాల్పులకు దారితీసింది. ఒకరు మరణించారు, ఒక ముస్లిం సోదరుడు గాయపడ్డాడు.

ఈ మూడింటిలో దొంగలు లేరు, దారికాచి దోచుకొన్నవారు లేరు. ఊళ్ళో తగాదా, పిల్లల ఆట, అప్పు లెక్క. మన ప్రతి వీధిలో, ప్రతి నెలా జరిగే గొడవలే ఇవి. చేతిలో తుపాకీ లేనిచోట ఇటువంటివి కేకలతో, మహా అయితే పోలీసు స్టేషనులో రాజీతో ముగుస్తాయి. తుపాకీ ఉన్నచోట జనాజాతో ముగిశాయి.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న కాలంలో ఆయుధ లైసెన్సుల కాగితాలు కొన్ని నా బల్ల మీదుగా వెళ్ళాయి. కారణం రాయవలసిన చోట దాదాపు అందరూ రాసింది ఒకటే: ఆత్మరక్షణ, లేదంటే పంట రక్షణ. వారు అబద్ధం రాశారని నేననుకోను. అయితే ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారా, తాగుడు అలవాటున్నవారున్నారా, అన్నదమ్ముల మధ్య పొలం తగాదా ఉన్నదా అన్న సంగతులు ఆ కాగితాలలో కనబడేవి కావు. ప్రమాదం మాత్రం ఎక్కువగా అక్కడినుంచే పుడుతుంది.

రాయలసీమలో ఆయుధం గురించి ఈ మాట అంటే వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది. ఈ గడ్డ మీద భయం ఊహ కాదు కదా అని. నిజమే. 1998 మేలో వై.ఎస్. రాజారెడ్డి గారిని బాంబులతో చంపారు. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం ఆవరణలోనే పరిటాల రవి గారిని కాల్చి చంపారు. 2017 మే 21న కర్నూలు జిల్లా కృష్ణగిరి సమీపంలో చెరుకులపాడు నారాయణరెడ్డి గారిని హతమార్చారు. రెన్యువల్ కోసం అప్పగించిన ఆయన తుపాకీ అప్పటికి తిరిగి చేతికి రాలేదని ఆయన పక్షంవారు ఆవేదన చెందారు. ఆ ఆవేదనను తేలికగా తీసిపారేయకూడదు. తుపాకీ ఉండివుంటే ఏమయ్యేదో ఇప్పుడెవరూ చెప్పలేరు. అయితే అంగరక్షకులు పక్కనున్నా రవిగారి ప్రాణం దక్కలేదన్నది కూడా చరిత్రే. నిజంగా ప్రాణభయం ఉన్నవారికి రక్షణ కల్పించడం ప్రభుత్వం బాధ్యత, దాన్ని డిమాండు చేసే హక్కు వారికుంది. కానీ మనలో నూటికి తొంభైతొమ్మిది మంది ఫ్యాక్షన్ నాయకులు కారు. బట్టల దుకాణం నడిపేవారు, మెకానిక్కులు, బండలు కొట్టే కూలీలు, గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారు. వారి ఇంటికి ఆయుధం తెచ్చేది రక్షణకన్నా ప్రమాదమే ఎక్కువ.

కష్టకాలంలో ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇందుకు అమెరికా అనుభవమే సాక్ష్యం. 2020 మార్చిలో కరోనా భయంతో అక్కడి జనం తుపాకుల దుకాణాల ముందు బారులు తీరారు. ఆ ఏడాది ఆ దేశంలో తుపాకీ వల్ల 45,222 మంది మరణించారు. వారిలో సగానికి పైగా ఎదుటివారి చేతిలో చనిపోయినవారు కారు, తమను తాము కాల్చుకొన్నవారు. పిల్లల, కౌమార వయస్కుల మరణాలకు మొదటి కారణంగా తుపాకీ రోడ్డు ప్రమాదాలను మించిపోయింది కూడా ఆ ఏడాదే. 2024 జూన్ 25న ఆ దేశపు సర్జన్ జనరల్, కర్ణాటక మూలాలున్న డాక్టర్ వివేక్ మూర్తి, తుపాకీ హింసను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటించారు. అంటే దాన్ని పోలీసులకు, కోర్టులకు మాత్రమే వదిలిపెట్టకుండా, మశూచిని, పొగాకును ఎదుర్కొన్నట్టు ముందుగానే నివారించాలని అర్థం.

మన దేశంలో చట్టం కఠినం. ఇక్కడి పరిస్థితి అమెరికాతో పోల్చదగినది కాదు. అయినా మనిషి మనసు అక్కడా ఇక్కడా ఒకటే. పని పోయింది, అప్పులవాడు గుమ్మంలో ఉన్నాడు, ఇంట్లో ఒకరు రోగంతో పోయారు. అటువంటి రాత్రి ఒక చెడ్డ గడియ వస్తుంది. ఆ గడియ దాటితే తెల్లవారి మనిషి మళ్ళీ పనికి పోతాడు. ఆ గడియలో చేతికి ఏది అందుతుందన్నదాని మీద అతని బతుకు ఆధారపడి ఉంటుంది. మన మెట్టపొలాల రైతు ఇళ్ళలో అది పురుగుమందు డబ్బా. శ్రీలంక ప్రభుత్వం అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించిన తరువాత అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. ప్రాణం తీసే వస్తువును దూరం చేస్తే చాలామంది బతుకుతారని దీనివల్ల తేలింది. తుపాకీ విషయంలో ఇది మరీ నిజం. విషం తాగినవాణ్ణి ఆసుపత్రికి చేర్చే వ్యవధి కొంతైనా ఉంటుంది, తుపాకీ ఆ అవకాశం ఇవ్వదు.

కోపం, నిరాశ లేకపోయినా ప్రమాదం పొంచే ఉంటుంది. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకొంటున్న ఒక తెలుగు విద్యార్థి, తన పుట్టినరోజునాడు సొంత తుపాకీని శుభ్రం చేసుకొంటుండగా అది పేలి చనిపోయాడు. కడప, కర్నూలు నుంచి అమెరికాకు పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులు ఫోనులో తిన్నావా, నమాజు చదివావా అని అడుగుతారు. నీ గదిలోగాని, నీ స్నేహితుడి గదిలోగాని తుపాకీ ఉన్నదా అని కూడా అడగవలసిన కాలమిది.

ఆయుధాల విషయంలో ఇస్లాం చెప్పిన జాగ్రత్త చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తోటి సోదరుడి వైపు ఆయుధాన్ని చూపవద్దని, షైతాను ఎప్పుడు చేయి జారేలా చేస్తాడో తెలియదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అంటే వేళాకోళానికి గురిపెట్టడం కూడా తగదన్నమాట. బాణాలు తీసుకొని మస్జిదులోకో బజారులోకో వచ్చేవారు ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలను పట్టుకోవాలని ఆదేశించారు. ఒర తీసిన కత్తిని ఒకరి చేతినుంచి మరొకరి చేతికి ఇవ్వడాన్ని వారించారు. నేటి భాషలో చెప్పాలంటే ఇవి ఆయుధ భద్రతా నియమాలే. పద్నాలుగు వందల ఏళ్ళనాడే మనకందిన ఈ బోధన ఎన్ని జుమా ఖుత్బాలలో వినబడుతున్నదో మనం ఆలోచించుకోవాలి. ఆయుధం ఇంట్లో ఉంటే అది అమానతు. దానివల్ల ఎవరికి హాని కలిగినా యజమాని జవాబుదారీ.

చట్టం ఏమంటున్నదో కూడా కుటుంబాలు తెలుసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. నల్లమల అంచు గ్రామాలలో అడవిపందుల కోసమంటూ దాచుకొనే నాటు తుపాకీకి కూడా ఇది వర్తిస్తుంది. 2019 సవరణ ప్రకారం ఒక వ్యక్తి వద్ద రెండు తుపాకులకు మించి ఉండకూడదు. పెళ్ళిళ్ళలో, పండుగలలో సంబరానికి కాల్పులు జరిపి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పడేస్తే రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫోనులో చూసిన వీడియోలను అనుకరించాలని ఉబలాటపడే యువకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్రజా భద్రతకు అవసరమనుకొంటే లైసెన్సును నిలిపివేసే, రద్దు చేసే అధికారం లైసెన్సు ఇచ్చిన అధికారికి ఉంది. ఇంట్లోవారు భయపడుతున్నట్లయితే ఆ అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. అది ఇంటి పరువు తీయడం కాదు, ఇంటి మనిషిని కాపాడుకోవడం.

లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్ళవారికి మా విన్నపం ఇది. తూటాలు తీసేసి, తుపాకీని తాళం వేసిన పెట్టెలో ఉంచండి. తూటాలను వేరే చోట, వేరే తాళంలో పెట్టండి. తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలియనివ్వకండి. ఖాళీగా ఉన్నదన్న ధీమాతో ఎవరివైపూ గురిపెట్టకండి. శుభ్రం చేసే ముందు తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉంటే, తాగుడు ముదిరితే, ఆస్తి పంపకాల గొడవ నడుస్తుంటే, ఆ కొన్నాళ్ళు తుపాకీ ఇంట్లో ఉండనే కూడదు.

ఇది అసాధ్యమనేవారికి ఒక మాట గుర్తుచేయాలి. ప్రతి ఎన్నికల సమయంలోనూ మన జిల్లాలలో లైసెన్సుదారులు పోలీసు స్టేషనులో తుపాకీ అప్పగించి రసీదు తీసుకొంటున్నారు, ఎన్నికలు ముగిశాక తిరిగి తెచ్చుకొంటున్నారు. దాన్నెవరూ అవమానంగా భావించడం లేదు. ఊరి శాంతి కోసం చేస్తున్న ఈ పనిని ఇంటి శాంతి కోసం ఎందుకు చేయకూడదు? కుటుంబం స్వచ్ఛందంగా ముందుకు వచ్చినప్పుడు స్టేషనులో విసిగించకుండా తుపాకీని భద్రపరిచే ఏర్పాటును కలెక్టర్లు, ఎస్పీలు చేయాలి. రెన్యువల్‌కు అప్పగించిన ఆయుధంపై సకాలంలో నిర్ణయం తెలపాలి, నిజమైన ముప్పు ఉన్నవారికి ఈలోగా రక్షణ కల్పించాలి. కరోనా వంటి విపత్తు వచ్చినపుడు ఆయుధాలున్న ఇళ్ళను గమనించే పనిని ఆరోగ్య, పోలీసు శాఖలు కలిసి చేపట్టాలి. లైసెన్సుల మంజూరు, రద్దు అన్ని వర్గాలకూ ఒకే కొలతతో జరగాలని కూడా మేము కోరుతున్నాము. ఒక ముస్లిం యువకుడి చేతిలో ఆయుధం కనబడితే ఆ మచ్చ మొత్తం సముదాయానికి అంటగట్టే ధోరణి ఉన్నది. ఆ అన్యాయాన్ని మనం ఎదిరించాలి. అలా ఎదిరించేటప్పుడు మన ఇళ్ళు మనం చక్కదిద్దుకొని ఉంటే మన మాటకు బలం ఉంటుంది.

తుపాకీకి బలైనవారి దుఃఖం ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మస్జిదులలో జుమా నమాజుకు వచ్చిన 51 మందిని ఒక ఉన్మాది పొట్టన పెట్టుకొన్నాడు. వారిలో హైదరాబాద్ నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. ఆ దేశ ప్రభుత్వం నెల తిరగకముందే సైనిక తరహా తుపాకులను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ డిసెంబరు నాటికి పరిహారం చెల్లించి దాదాపు 56,000 ఆయుధాలను ప్రజలనుంచి వెనక్కి తీసుకొంది. వేలాదిమంది సామాన్యులు తమ ఆయుధాలను తామే తెచ్చి అప్పగించారు. మన మృతులను చూసి వారు ఆ పని చేశారు. మన ఇళ్ళలో మనం చేయలేమా?

చేయగలమని 2020లో మనమే చూపించాము. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లా కర్నూలు. నిందలన్నీ మన మీదకే వచ్చాయి. రెండు రూపాయల డాక్టరుగా పేదల మనసులో నిలిచిన కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ గారిని ఏప్రిల్ 14న ఆ మహమ్మారి తీసుకుపోయింది. కొన్ని తరాలుగా జుమా తప్పని మస్జిదులలో సామూహిక నమాజు ఆగింది. రంజాన్ తరావీహ్ ఇళ్ళలోనే చదువుకొన్నాము, ఈద్గాహ్‌కు పోకుండానే పండుగ జరుపుకొన్నాము. ప్రాణం కాపాడడం అన్నిటికన్నా ముందని పెద్దలు చెప్పారు, సముదాయం విన్నది.

అదే మాటను ఆ పెద్దలు మళ్ళీ చెప్పాలి. మస్జిద్ కమిటీలు ఈ ఏడాది ఒక్క జుమా ఖుత్బానైనా ఆయుధ భద్రతకు కేటాయించాలి. మొహల్లాలో తగాదా మొదలైనపుడు ఇరువైపులా నచ్చచెప్పేందుకు ముగ్గురు నలుగురు పెద్దలు సిద్ధంగా ఉండాలి. వారు అడగవలసిన మొదటి ప్రశ్న, ఏ ఇంట్లోనైనా ఆయుధం ఉన్నదా అని. కుంగిపోయినవారికి టెలిమానస్ నంబరు 14416ను చెప్పాలి, ఆ ఫోను పక్కన కూర్చొని చేయించాలి. అత్యవసరమైతే 112 ఉండనే ఉన్నది. ఇంట్లో ఆయుధాన్ని చూసి భయపడుతున్న తల్లి, భార్య, కూతురు నోరు తెరిచి చెబితే, ఆమె మాటను మగవారు పక్కన పెట్టకూడదు. చాలా ఇళ్ళలో రాబోయే ప్రమాదం ముందుగా తెలిసేది ఆమెకే.

మళ్ళీ ఏ విపత్తు ఎప్పుడు వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. అది వచ్చిననాడు మన ఇళ్ళలో తాళం లేని తుపాకీ ఒక్కటీ ఉండకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పని. ఆ పనిని ఈ నెలలోనే, మీ ఇంటినుంచే, మీ మొహల్లానుంచే మొదలుపెట్టండి.